గృహనిర్మాణమున కాయక ధర్మము

మానవునకు అన్నవస్త్రముల తరువాత కావలసినది ఇల్లు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. సామాన్య గృహస్థుడు తన జీవితమున చేయు పనులన్నిటిలో ఎక్కువ ధనమును, ఎక్కువ చింతను కోరునది గృహనిర్మాణమే. అందుచేత పునాది త్రవ్వుటకు ముందు అతడు అనేకులను అనేక విషయములు అడుగును. అయ్యగారిని ముహూర్తమడుగును. వాస్తు తెలిసినవారిని ద్వారము ఏ దిక్కున నుండవలెనో అడుగును. ఇంజనీరును నక్షా అడుగును. బంధువులను అప్పు అడుగును. లింగపూజకు గది ఎక్కడ నుండిన బాగుండునని ఇల్లాలిని అడుగును.

ఈ ప్రశ్నలన్నియు ఉచితమైనవే. కాని ఒక ప్రశ్న తరచుగా మిగిలిపోవుచున్నది. ఈ ఇంటికి వచ్చుచున్న మన్ను, ఇసుక, రాయి ఎక్కడివి? వీనిని మోయుచున్న చేతులకు తగిన కూలి ముట్టుచున్నదా? ఈ ప్రశ్నను గృహస్థుడు సాధారణముగా అడుగడు. అడిగినను నిజము చెప్పువారు అరుదు. గృహప్రవేశము నాడు జంగమునకు పాదపూజ చేసి, పాదోదకమును ఇల్లంతయు ప్రోక్షించి, ఇల్లు శుద్ధియైనదని సంతోషింతుము. కూలి ఎగవేసి లేపిన గోడ ఆ ప్రోక్షణముతో శుద్ధి యగునా? ఊరి వాగును ఎండబెట్టి తెచ్చిన ఇసుకతో కట్టిన గదిలో ఇష్టలింగమును అరచేత నుంచుకొన్నపుడు మనస్సు నిలుచునా? బసవ ధర్మమును అనుసరించు కుటుంబములు ఈ ప్రశ్నను తప్పించుకొనుటకు వీలులేదు.

సొన్నలిగెలో జరిగిన సంవాదము

పన్నెండవ శతాబ్దమున కళ్యాణ నగరమున బసవేశ్వరుడు బోధించిన ధర్మములో కాయకమునకు ఉన్నత స్థానము కలదు. పొట్టపోసుకొనుటకు చేయు ప్రతి పనియు కాయకము కాజాలదు. సత్యముగా శ్రమించి, వచ్చినదానిని దాసోహ బుద్ధితో వినియోగించిననే అది కాయకమగును. మడివాళ మాచయ్య బట్టలు ఉదికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనెను. మోళిగె మారయ్య కట్టెలమోపులు అమ్మెను. వీరందరు అనుభవ మంటపమున ఒకే వరుసను కూర్చుండిరి.

కట్టుబడి పనికి సంబంధించిన శరణుడు వీరిలో ఒకడు ప్రత్యేకముగా కలడు. అతడు సొన్నలిగె సిద్ధరాముడు. సొన్నలిగె యనగా నేటి షోలాపురము. సిద్ధరాముడు ప్రజల మేలుకోరి అచ్చట చెరువు త్రవ్వించెను, దేవాలయములు కట్టించెను. ఎందరో పనివారు అతనిని గురువుగా భావించి పనిచేయుచుండిరి. ఆ సమయమున అల్లమప్రభువు ఆ చోటికి వచ్చి, ఆ ఒడ్డ రాముడు ఎక్కడనున్నాడని అడిగెనని శూన్యసంపాదనె కథ చెప్పుచున్నది. ఒడ్డ యనగా రాయి కొట్టి మన్ను త్రవ్వు కులము. మన ప్రాంతమున వడ్డెర యందురు. తమ గురువును అంత మాట అన్నందుకు పనివారు కోపించి ప్రభువుపై రాళ్లు రువ్విరి. ఆ రాళ్లు అతనిని తాకలేదు.

ఈ కథకు మన పెద్దలు చెప్పు తాత్పర్యము ప్రసిద్ధమే. వెలుపల ఎన్ని గుడులు, చెరువులు నిర్మించినను, లోపలి లింగమును ఎరుగనిచో ఆ శ్రమ అసంపూర్ణమని ప్రభువు బోధించెను. అయితే ఈ కథలో ఇంకొక సూక్ష్మము కూడ ఉన్నది. రాళ్లు రువ్వినవారు ఎవరు? రాళ్లు మోయుచున్నవారే. ఒడ్డయను పేరు తమ పని పేరు. తమ పని పేరును తామే తిట్టుగా భావించి గదా వారు ఆగ్రహించిరి! తరతరములుగా లోకము వారిని ఎట్లు చూచినదో, వారు తమను తాము అట్లే చూచుకొనిరి. సిద్ధరాముడు మాత్రము ఆ మాటకు నొచ్చుకొని ఆగిపోలేదు. ప్రభువు వెంట కళ్యాణమునకు వెళ్లి శరణులలో అగ్రగణ్యుడాయెను. నేటికిని కన్నడ దేశమున రాతిపని, మట్టిపని చేయు భోవి జనులు సిద్ధరామేశ్వరునే తమ కులగురువుగా కొలుచుచున్నారు. తిట్టుగా తోచిన పేరు పూజ్యమైన పేరైనది. కట్టు పనిని హీనముగా చూచు దృష్టిని మనము ఎంతవరకు విడిచితిమో, మన ఇంటి పునాది వద్ద నిలిచి పరీక్షించుకొనవలెను.

పాలమూరి చేతులు

ఈ పరీక్షకు నల్లగొండ, పాలమూరు సీమలకంటె తగిన చోటు వేరొకటి లేదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా 2016, 2019 సంవత్సరముల విభజనలతో అయిదు జిల్లాలైనను, లోకము నోట పాలమూరు పేరు చెడలేదు. ఆ పేరునకు కూలి అను మాట అంటుకొనియే ఉన్నది. రెండు వైపుల కృష్ణా తుంగభద్రలు పారుచున్నను, నీరు అందని మెట్టచేలు ఇచ్చటి ప్రజలను కూలికి పంపినవి. గుంపు మేస్త్రీ పండుగ ముందర వచ్చి అడ్వాన్సు ఇచ్చును. ఆ పైకముతో ఇంటిలో అప్పు తీరును, లేదా ఆడపిల్ల పెండ్లి జరుగును. తరువాత ఆలుమగలు బిడ్డలను చంకనెత్తుకొని, ముసలివారిని ఇంటికి కావలి నుంచి, కాలువ పనులకు, ఆనకట్ట పనులకు, బొంబాయి, పూణె పట్టణములలో ఇండ్ల పనులకు సాగిపోదురు. భారతదేశమున పెద్ద కట్టుబడి జరిగిన చోట పాలమూరి తట్ట, పార కనబడనిచోటు తక్కువ.

నల్లగొండ నేలపైననే నాగార్జునసాగరము వెలసినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిపెట్టెను. రాతికట్టడపు ఆనకట్టలలో ప్రపంచమున దీనికి అగ్రస్థానము కలదు. పునాది నుండి సుమారు 124 మీటర్ల ఎత్తు గల ఆ కట్టపైకి రాతిని, గచ్చును అధిక భాగము మనుష్యులే నెత్తిన మోసిరి. వెదురు, సరుగుడు కట్టెల పరంజాలపై బారులు తీరి ఎక్కుచున్న స్త్రీపురుషుల ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి. ఆ చిత్రములలో ముఖములు కలవు, పేర్లు లేవు.

శ్రీశైలము ప్రాజెక్టు కథ ఇంకను ఆలోచింపదగినది. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో సంగమేశ్వరాలయము ఉండెడిది. జలాశయమున మునుగనున్నందున దానిని విప్పి, రాళ్లకు గుర్తులు వేసి, అలంపురమునకు తరలించి యథాతథముగా నిలిపిరి. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయముల చెంత ఆ గుడి నేడు చూపరులకు ఆనందము కలిగించుచున్నది. ఇది మెచ్చదగిన పనియే. కాని అదే జలాశయము క్రింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామములు ఎన్నియో మునిగినవి. 1981లో ఆ ఊళ్లను ఖాళీ చేయించినపుడు ఇండ్ల గోడలకు ఎవరును గుర్తులు వేయలేదు. దూలములు, ద్వారబంధములు నెత్తిన పెట్టుకొని జనులు చెల్లాచెదరైరి. గుడి రాయికి చూపిన శ్రద్ధ మనిషి ఇంటికి దక్కలేదు.

స్థావరమనగా నిలిచియుండునది, జంగమమనగా చలించునది. మన సిద్ధాంతమున జంగమశబ్దమునకు చైతన్యరూపుడైన గురువను గంభీరమైన అర్థము కలదు. తట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరుగు కూలిని ఆ అర్థమున జంగముడనుట శాస్త్రమునకు సరిపడదు. అయినను స్థావరముకంటె జంగమము మిన్న యను సూత్రమును నమ్మువారు, కట్టిన రాతికిచ్చు విలువను కట్టిన మనిషికి ఇవ్వకున్నచో, ఆ సూత్రము వారి నోటియందే ఆగిపోయినదని చెప్పవలెను.

వచ్చినవారి కథ

కాలము మారినది. ఒకనాడు పాలమూరివారు పరదేశమునకు పోయి కట్టిరి. నేడు హైదరాబాదు చుట్టుప్రక్కల లేచుచున్న అంతస్తులను కట్టుటకు బీహారు, జార్ఖండు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములనుండి జనులు వచ్చుచున్నారు. ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాల కుటుంబములు శీతకాలమున తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చి, వానలు పడుటకు ముందు మరలిపోవుట ఏటేట జరుగుచున్నది. వారికిని అదే అడ్వాన్సు, అదే మేస్త్రీ, అదే తీరని లెక్క. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లోనే వచ్చినది. అయినను అడ్వాన్సు పేర మనిషిని కట్టివేయు పద్ధతి పూర్తిగా పోలేదు.

2020 మార్చిలో కరోనా కారణమున దేశమంతయు ఒక్కసారి మూతపడినపుడు కట్టడములు కట్టినచోటనే నిలిచిపోయినవి. వానిని కట్టుచున్నవారు మాత్రము రహదారులవెంట కాలినడకన ఇండ్లకు బయలుదేరిరి. తాము కట్టిన వేలకొలది గదులలో ఒక్క గదియు వారికి తలదాచుకొనుటకు దొరకలేదు. బొంబాయినుండి తిరిగివచ్చిన పాలమూరి కుటుంబములు, హైదరాబాదునుండి ఉత్తరమునకు నడచిన కుటుంబములు ఒకే దుఃఖమును రెండు దిక్కుల మోసినవి. తాత పడిన కష్టము మనుమడికి జ్ఞాపకమున్నచో, తన ఇంటికి ఇటుక మోయు ఒడియా తల్లిని అతడు వేరుగా చూడలేడు.

నేల ఋణము

మనిషి ఋణమువలెనే నేల ఋణమును ఉన్నది. పూర్వము మన సీమలోని ఇల్లు ఊరి నేలనుండియే పుట్టెడిది. ఊరి గుట్టరాయి పునాది. చెరువు మన్ను గోడ. తుమ్మ, వేప, టేకు దూలములు. పైన చౌడుమన్ను పరచిన మిద్దె, లేదా కుమ్మరి చేసిన గూనపెంకు. కలిగినవారి ఇండ్లకు గానుగలో ఎద్దులచే నూరించిన సున్నపు గచ్చు. దానిలో బెల్లపు నీరు, కరక్కాయ నీరు. ఆ మందపు గోడలమధ్య, బయట ఎండ 45 డిగ్రీలు దాటినను, లోపల ప్రాణము కుదుటపడెడిది. ఇల్లు పాతబడి కూలినచో ఆ మన్ను మరల మన్నులో కలిసెడిది. దూలము ఇంకొక ఇంటికెక్కెడిది. సూర్యాపేట చెంత పిల్లలమర్రిలో కాకతీయుల కాలమున రేచెర్లవారు కట్టించిన శివాలయములు స్థానికమైన రాతితోనే ఎనిమిది వందల ఏండ్లుగా నిలిచియున్నవి.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును రచింపబూనినపుడు సంస్కృత వృత్తముల మార్గమును ప్రక్కన బెట్టి, దేశిచ్ఛందమైన ద్విపదను, జాను తెనుగును ఎన్నుకొనెను. చుట్టునున్న జనుల నోట ఏ మాట ఉన్నదో దానితోనే మహాకావ్యమును కట్టెను. ఇంటి విషయమున కూడ ఇదియే దేశిమార్గము. బర్మింగ్‌హామున 1917లో పుట్టి, మన దేశమున స్థిరపడి, 2007లో తిరువనంతపురమున కన్నుమూసిన లారీ బేకరను వాస్తుశిల్పి ఈ మార్గమునే నడచెను. ఇంటికి కావలసిన సరకు అయిదు మైళ్లలోపల దొరకునదై యుండవలెనని గాంధీ మహాత్ముడు తనకు చెప్పెనని ఆయన తరచు చెప్పుచుండెడివాడు. గోడలో ఇటుకను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడుచు పద్ధతిని ఆయన విరివిగా వాడి, సుమారు నాల్గవవంతు ఇటుకను మిగిల్చెను. ఆ ఖాళీలోని గాలి వేడిని కూడ అడ్డగించును.

నేటి ఇంటికి ముఖ్యమైనవి సిమెంటు, ఇసుక, ఇనుము. సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చి సిమెంటు చేయుదురు. నల్లగొండ సీమలో వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతముల సున్నపురాయి గనులు, కర్మాగారములు అందరు ఎరిగినవే. ప్రపంచమున మానవులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతము సిమెంటు తయారీవలననే వచ్చుచున్నదని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ లెక్క దూరముగా తోచవచ్చును. ఇసుక లెక్క మాత్రము వాకిటనే ఉన్నది. దుందుభి, మూసీ వంటి ఏరులలో ఇసుక పొర వాననీటిని పట్టియుంచి ఊటబావులకు అందించును. ఆ పొరను లారీలకెత్తినచో నీరు నిలువక పారిపోవును, బావులెండును, బోరును మరింత లోతునకు దింపవలసివచ్చును. ఈ నల్లరాతి నేలలో లోతునీటియందు ఫ్లోరైడు హెచ్చుగా నుండుట సామాన్యము. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతములలో ఆ నీరు త్రాగి కాళ్లు వంకరలై, నడుములు వంగినవారిని చూడనివారు లేరు. నీటినుండి ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు పద్ధతికి ప్రపంచ గ్రంథములలో నల్లగొండ పద్ధతి యని పేరు వచ్చినది. అట్టి కీర్తి ఏ ఊరికిని కోరదగినది కాదు. మిషన్ భగీరథ పైపులతో నదీజలము చేరిన తరువాత కొంత ఉపశమనము కలిగినమాట నిజము. ఇసుక త్రవ్వకమును అదుపుచేయుటకు 2002లో వాల్టా చట్టము వచ్చినది. కాని రాత్రివేళ వాగునుండి వచ్చిన ట్రాక్టరును పగటివేళ ఇంటిముందర దింపించుకొన్నవాడు ఆ చట్టము తనది కాదనుకొనును.

పాతది అంతయు బంగారము కాదు

ఇంతవరకు చెప్పి విడిచినచో అది అర్ధసత్యమగును. మట్టియింటిని పొగడువారిలో అధికులు ఇప్పుడు దానిలో నివసింపనివారే. మిద్దెపైని మన్నును ఏటేట వానలకు ముందు సరిచేయకున్న ఉరియును. గోడలకు చెద పట్టును. కప్పున తేళ్లు, పాములు చేరును. వారమునకొకసారి ఆ ఇల్లు అలికినది ఎవరు? ఇంటి స్త్రీలు. పేడ తెచ్చి, నడుము వంచి, నేలయంతయు అలికి, ముగ్గువేసి, వంటకు లేచిన అవ్వను అడిగినచో, చల్లదనముకంటె ముందు నడుమునొప్పి గుర్తునకు వచ్చునని చెప్పును. ఆమె శ్రమను లెక్కింపక మట్టియిల్లు చవుకయని అనుట, కూలి ఇవ్వక పనిచేయించుకొని ఖర్చు లేదనుట వంటిదే.

ముప్పది ఏండ్లు పట్టణమున ఇతరులకు స్లాబులు పోసి, ఊరికి తిరిగివచ్చిన కూలి, తన ఉరిసే ఇంటిపై తానొక స్లాబు కోరుకొన్నచో అతనికి నేలతల్లి ధర్మమును బోధించు అర్హత ఎవరికున్నది? ప్రభుత్వము ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలు ఇచ్చుచు, 400 చదరపు అడుగులకు తగ్గరాదని నియమము పెట్టినది. ఆ కొలతలో అతడు వాడు సిమెంటు వలన లోకము మునుగదు. ఇద్దరున్న ఇంటికి ఆరు గదులు, వాడని అంతస్తు, చూపరులకై నిలిపిన స్తంభములు – భారమంతయు అక్కడ నున్నది. త్యాగమను మాట మొదట పలుకవలసినది కలిగినవారు.

ఈ సందర్భమున ఆయ్దక్కి లక్కమ్మ తల్లి స్మరణీయురాలు. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యము ఏరుకొనుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అక్కరకు మించినది మనకు తగదని లక్కమ్మ దానిని తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. బియ్యమునకు వర్తించినది ఇసుకకును వర్తించును, ఇటుకకును వర్తించును. వాగునుండి మన అక్కరకు మించి తెచ్చిన ప్రతి బండియు తిరిగి పోయవలసిన బియ్యమే.

సత్యవాక్కు

ఇన్ని చిక్కులకు మూలమొకటి కనబడుచున్నది. కట్టించువాడు, కట్టువాడు ఒకరితో ఒకరు నిజము మాటాడుకొనుట లేదు. గృహస్థుడు తన వద్దనున్న ధనమును దాచి తక్కువ చెప్పును. మేస్త్రీ పని చేజారునని భయపడి సరేయనును. తరువాత మూడవవాడగు కూలిపై ఆ అబద్ధపు బరువు పడును. నాగర్‌కర్నూలు వైపు ఒక గ్రామమున ఒక లింగవంత గృహస్థునకు, సాగరు కాలువలలోను బొంబాయిలోను పనిచేసి తలనెరసిన మేస్త్రీకి నడుమ నిజమైన మాటలు జరిగినచో అవి ఎట్లుండునో ఊహింతము.

"మేస్త్రీ, నా దగ్గర ఉన్నదంత చెప్పిన. దీంట్ల మూడు గదులు, పైన స్లాబు పడాలె. ఏమంటవు?"

"శరణార్థి అయ్యా. సరే అని పని పట్టుకునేటోళ్లు ఊర్లె నలుగురున్నరు. మీ పైసలల్ల మూడు గదులు లేస్తయి. అయిదేండ్లకు ఉరుస్తయి. గట్టిగ కావాలంటె రెండు గదులే."

"రెండు గదులైతే చుట్టాలేమంటరు?"

"చుట్టాలు ఒక్క పూట ఉంటరు. వాన ప్రతి యేడు వస్తది."

"పోనీ, సిమెంటు కొంచెం తగ్గిస్తే?"

"తగ్గిస్తే నాకేం పోదయ్యా. నేను పైసలు తీసుకొని పోత. ఆ స్లాబు కింద పండేది మీ పిల్లలు."

గృహస్థుడు కొంతసేపు ఊరకుండెను. తరువాత ఇంకొక మాట అడిగెను.

"నీ వెంట వచ్చే ఆడోళ్లకు రోజుకెంత ఇస్తవు?"

ఇప్పుడు ఊరకుండుట మేస్త్రీ వంతు.

"మగోళ్లకంటె తక్కువ. నిజం చెప్పాలంటె, మీరు నాకాడ గుత్త కోస్తే నేను వాళ్లకాడ కోస్త. ఇంకెక్కడ కోయాలె?"

ఈ చివరి మాటలో సంపూర్ణమైన ధర్మశాస్త్రమున్నది. గుత్త తగ్గించుకొని లాభపడితినని గృహస్థుడు సంతోషించిన సొమ్ము ఎవరి కంచమునుండి వచ్చినదో మేస్త్రీ తేటగా చెప్పినాడు. స్త్రీ పురుషులకు సమాన వేతనమని 1976లో చట్టము వచ్చినది. అంతకు ఎనిమిది వందల ఏండ్ల ముందే అనుభవ మంటపమున అక్క మహాదేవి, లక్కమ్మ వంటివారికి సమానాసనము దొరికినది. ఇసుక జల్లెడ పట్టు అమ్మకు మాత్రము నేటికిని తక్కువ కూలి.

మేస్త్రీ పక్షమున కూడ దాపరికములు కలవు. కాంక్రీటు సులువుగా జారుటకై నీరెక్కువ పోయుట, మన్ను కలిసిన ఇసుకను చూచియు చూడనట్లుండుట, స్లాబు పోసిన పిదప వారము పది దినములైన తడుపవలసియుండగా రెండు దినములకే చాలుననుట – ఇవన్నియు కాయకద్రోహములే. చేతిలో తూకపుగుండు, రసమట్టము ఉన్నవాడు వంకరమాట చెప్పరాదు. గోడ నిలువు చూచు గుండు తనకును ఒకటున్నదని పనివాడు ఎరుగవలెను.

గుత్తకిచ్చితిని, కూలీల సంగతి గుత్తేదారునిదే, నాకేమి పాపమని కొందరందురు. ఇది వినుటకు న్యాయముగా తోచును. గృహస్థుడు ప్రతి కూలి చేతిలో పైకము పెట్టలేడు, నిజమే. కాని గోడలో పగులు కనబడినపుడు, గుత్తేదారుని విడిచి మేస్త్రీని, కూలిని పేరుపేరున పిలిచి నిలదీయుట అతనికి చేతనగును. పగులు లెక్క అడుగగలవాడు కూలి లెక్కయు అడుగగలడు. పరంజా కట్టెలు గట్టివా, పైనున్నవానికి నడుముకు త్రాడున్నదా, రాతిపొడి పీల్చువారి ముక్కుకు గుడ్డయైన ఉన్నదా, పసిబిడ్డల తల్లికి నీడ ఉన్నదా అని చూచుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. కట్టుబడి కార్మికుల సంక్షేమమునకై 1996లో పార్లమెంటు చట్టము చేసి, కట్టుబడి వ్యయముపై సుంకము విధించి నిధి నేర్పరచినది. తన ఇంట పనిచేయుచున్నవారి పేరు ఆ నిధిలో నమోదైనదో లేదో అడుగుట, చదువుకొన్న గృహస్థునకు ఒక్క పూట పని. ఆ ఒక్క పూట, పరంజా మీదినుండి జారిన వాని ఇంటికి ఒక జీవితకాలపు ఆధారము కావచ్చును.

మఠములు చూపవలసిన దారి

మన మఠములు అన్నదానమునకు, విద్యాదానమునకు పేరుపొందినవి. నేడు భక్తులు కల్యాణ మంటపములకు, వసతి గృహములకు విరాళములిచ్చుచున్నారు. ఇచ్చినవారి పేర్లు చలువరాతిపై చెక్కించుట ఆచారమైనది. తప్పులేదు, దాత గౌరవింపదగినవాడే. ఆ రాతి క్రిందనే కట్టిన మేస్త్రీ పేరు, రాయి చెక్కిన వడ్డెర పేరు, వడ్రంగి పేరు ఒక్క వరుసగా చెక్కించినచో మఠమునకు కలుగు లోపమేమి? సిద్ధరాముని ఆత్మ సంతోషించును. కట్టడమునకు పట్టిన ఖర్చు చదివి వినిపించు సభలో, కూలి బాకీ ఏమియు లేదని మేస్త్రీచేతనే చెప్పించినచో అది పాదోదక ప్రోక్షణముతో సమానమైన శుద్ధి.

ఇండ్లలో కూడ పాత ఆచారములకు ప్రాణము పోయవచ్చును. దర్వాజ ఎత్తునాడు మేస్త్రీకి, వడ్రంగికి కొత్తబట్టలు పెట్టుట మన ప్రాంతపు మర్యాద. గృహప్రవేశము నాటికి మాత్రము వారు మరపునకు వచ్చుచున్నారు. వచ్చినను విస్తళ్లు లేచిన తరువాత చివరి బంతిలో కూర్చుందురు. దాసోహమను మాట తెలిసిన ఇంట వారికి మొదటి బంతిలో విస్తరి వేయవలెను. ఇటుక మోసిన పరభాషా కుటుంబము పని ముగిసి ఎప్పుడో వెళ్లిపోయి యుండవచ్చును. వారి కూలి అణాపైసలతో ముట్టినదను నిశ్చయమే వారికి వేసిన విస్తరి.

ఇల్లు ఎంత కాలము నిలుచునని అందరు మేస్త్రీని అడుగుదురు. ఆ ప్రశ్నకు రాయి, సున్నము కొంత బదులు చెప్పగలవు. ఈ ఇంట లింగమును నిశ్చింతగా పూజింపవచ్చునా యను ప్రశ్నకు మాత్రము తట్టమోసిన తల్లియే బదులు చెప్పవలెను. ఆమె ఆ వీధినపోవుచు ఆ ఇంటిని చూచి, ఇది నేను మోసిన ఇల్లు అని తన బిడ్డకు సంతోషముతో చూపగలిగినచో ఆ ఇల్లు కైలాసము. తల త్రిప్పుకొని పోయినచో, ముహూర్తమెంత మంచిదైనను, ఆ ఇంటి గృహప్రవేశము ఇంకను జరుగవలసియే ఉన్నది.

శరణు శరణార్థి.